రశీదు లేని సొమ్ము

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ ఉండగా మా అక్క కొడుకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ‘మామూ, ఒక మస్‌అలా ఉంది. నలుగురిలో అడగలేను’ అన్నాడు. పక్కనే ఉన్న కొబ్బరిచెట్టు నీడలోకి వెళ్ళాం. ఏడేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చినవాడు. తెచ్చుకున్న డబ్బులో చెల్లెలి నికాహ్ ఖర్చు పోను మిగిలినదానితో ఏడుగురు కూర్చునే కొత్త బండి కొనాలనుకున్నాడు. విలాసానికి కాదు. మా అక్కకు మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు ముక్తేశ్వరం నుంచి కాకినాడ ఆస్పత్రికి తీసుకువెళ్ళి తీసుకురావాలి. ఎక్కిన బస్సు దిగి మరో బస్సు ఎక్కే ఓపిక ఆమెకు లేదు.

షోరూములో అతనికి చెప్పిన మాట ఇది. రొక్కం ఇచ్చి కొంటానంటే ఆరు నెలలు ఆగాలి. తమ ద్వారా అప్పు తీసుకుంటే పది రోజుల్లో బండి వస్తుంది. అప్పు వద్దనుకుంటే మరో దారి ఉంది. ఎవరో వదులుకున్న బుకింగు ఒకటి సిద్ధంగా ఉంది, 45 వేలు విడిగా, రశీదు లేకుండా ఇస్తే వచ్చే శుక్రవారమే తాళం చేతికి వస్తుంది.

‘ఇవ్వవచ్చా మామూ? అమ్మ కోసమే కదా!’

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కితాబులు చదివినవాడికి ఇలాంటి ప్రశ్న సులువని జనం అనుకుంటారు. ప్రశ్న అడిగినవాడి తల్లి మన సొంత అక్క అయినప్పుడు అది అంత సులువు కాదు. ఇషా తర్వాత ఇంటికి రమ్మని పంపించాను. ఆ పగలంతా ఆలోచించిన సంగతులనే ఈ వారం పాఠకుల ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఈ 45 వేలు మా ఇంటి ఒక్కరి సమస్య కాదు. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ప్రతి రెండో కుటుంబం ఏదో ఒక రోజు ఆ షోరూము బల్ల ముందు కూర్చుంటుంది.

ఈ జబ్బు కొత్తది కాదు. యాభై దాటినవారికి స్కూటర్ల కాలం గుర్తుండే ఉంటుంది. 1960లో కేంద్ర ప్రభుత్వం స్కూటర్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ముందు పేరు రాయించుకున్నవారికి ముందు ఇవ్వాలన్నది అందులోని ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ కంపెనీ ఎన్ని బండ్లు తయారు చేయాలో కూడా లైసెన్సు ద్వారా ప్రభుత్వమే కట్టడి చేసింది. కొనేవాళ్ళు వేలమంది, బండ్లు పదుల్లో. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. మన పటాన్‌చెరులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ బుకింగులు తీసుకున్నప్పుడూ జనం ఎగబడ్డారు. విదేశీ మారకద్రవ్యంలో చెల్లించేవారికి వరుసతో పనిలేకుండా బండి ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. అందువల్ల దుబాయ్‌లోనో మస్కట్‌లోనో తమ్ముడున్నవాడు అదృష్టవంతుడు. లేనివాడు బ్లాకులో కొనాలి, లేదా సైకిలు తొక్కాలి. నికాహ్‌లో పెళ్ళికొడుకు స్కూటరు అడిగే దురాచారం మనలో పాతుకుపోయింది కూడా ఆ కాలంలోనే. దాని గురించి మరో వారం రాస్తాను, అది ఒక్క పేరాలో తీరే విషయం కాదు.

1983లో మారుతి 800 కారు బుకింగులు తెరిచారు. డిపాజిట్టు 10 వేల రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అయినా లక్షమందికి పైగా కట్టారు. 1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళం అందజేశారు. ఆ తర్వాత కొంతకాలం ఆ కారును కంపెనీ ధరకు కొని, అంతకంటే ఎక్కువకు అమ్ముకోవడమే ఒక వ్యాపారమైపోయింది. 1991లో ద్విచక్ర వాహనాలకు, 1993లో కార్లకు తయారీ లైసెన్సు అవసరం తొలగించాక బండ్లు పెరిగాయి, వరుసలు తగ్గాయి, బ్లాకు కూడా తగ్గింది.

మా నాన్నగారి వంతు 1986లో వచ్చింది. అలాట్‌మెంట్ కాగితం ఇంటికి వచ్చిన మర్నాడే ఒక ధాన్యం వ్యాపారి మా అరుగు మీద కూర్చున్నాడు. ‘పంతులుగారూ, ఆ కాగితం ఇటు ఇవ్వండి, కట్టిన డబ్బు మీద 3 వేలు ఎక్కువ ఇస్తాను’ అన్నాడు. మా నాన్నగారి జీతానికి 3 వేలంటే ఎన్నో నెలల సంపాదన. ఆయన చాయ్ పోసి పంపించేశారు. తర్వాత మా అమ్మ కోప్పడితే ‘అది బండి కాదు, కాగితం. నా చేతికి రాని వస్తువును నేనెలా అమ్మను?’ అన్నారు. పదిహేను రోజుల తర్వాత కాకినాడ నుంచి స్కూటరు తెచ్చారు. కోటిపల్లి రేవులో పంటు మీదికి ఎక్కించి, గౌతమి దాటించి ముక్తేశ్వరం ఒడ్డున దించుతుంటే నేను వెనక నుంచి తోశాను. ఆ లేత నీలిరంగు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

తర్వాత మదర్సాలో హిదాయా చదువుతున్నప్పుడు ఆయన మాటకు ఆధారం దొరికింది. చరాస్తిని స్వాధీనం చేసుకోకముందే మరొకరికి అమ్మడం మన హనఫీ ఫిఖ్‌హ్‌లో చెల్లదు. దీనినే ‘ఖబ్జా’కు ముందు అమ్మకం అంటారు. బుకింగు రశీదు బండి కాదు. దానికి ఇంజను లేదు, చాసిస్ నంబరు లేదు. అది కేవలం ఒక వాగ్దానానికి గుర్తు. ఈ సంగతి ఇప్పుడు మళ్ళీ చెప్పవలసి వస్తోంది. ఎందుకంటే బుకింగులు అమ్ముకోవడం మన కుర్రవాళ్ళలో కూడా మొదలైంది. 2022 జూలై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్‌కు బుకింగు తెరిస్తే అరగంటలోపే లక్ష దాటాయి. 2024 అక్టోబర్ 3న థార్ రాక్స్‌కు గంటలో 1,76,218 బుకింగులు వచ్చాయి. గంటలో లక్షా డెబ్బయి ఆరు వేలమందికి కొత్త బండి అవసరం పడిందంటే నమ్మశక్యమేనా? వారిలో నిజంగా కొనేవారు ఉన్నారు, ముచ్చటపడి తర్వాత వదులుకునేవారు ఉన్నారు, వంతు వచ్చాక లాభానికి అప్పగిద్దామనుకునేవారూ ఉన్నారు. 21 వేలు కట్టి, అది తిరిగి వస్తుందన్న ధైర్యంతో ఫోనులో ఒక మీట నొక్కుతారు. వెనకున్నవాడి తల్లి ఆస్పత్రికి వెళ్ళాలన్న సంగతి ఆ మీటకు తెలియదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ఎక్కువ ధర అడగడమే హరాం అని కొందరు తొందరపడి అంటారు. అది సరికాదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు జనం వచ్చి ధర నిర్ణయించమని కోరితే దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. అమ్మేవాడికి తన సరుకు మీద హక్కు ఉంది. పదిమందీ చూస్తుండగా ధర పలక మీద రాసి, దానికే రశీదు ఇచ్చి, ఇష్టమైతే కొనండి అంటే మనం ఎక్కువని మానుకోవచ్చు గానీ అతన్ని పాపి అనలేం. మా మేనల్లుడికి ఎదురైనది అది కాదు. పలక మీద ఒక ధర, బల్ల కింద మరొక ధర. స్టాకు లేదంటూనే స్టాకు చూపిస్తున్నారు. ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, తడిసినది పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) వ్యాపారిని నిలదీసిన సంఘటన మనందరికీ తెలుసు. ఆయన అడిగింది ధర గురించి కాదు, దాచిపెట్టిన తడి గురించి.

బండ్లను వెనక ఆవరణలో ఉంచి లేవని చెప్పడం మరో దోషం. ‘ఇహ్తికార్’ అంటే సరుకు తొక్కిపెట్టడం. అది ఆహారధాన్యాలకే వర్తిస్తుందని చాలామంది ఫఖీహ్‌లు అన్నారు. కానీ ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) దేనిని తొక్కిపెడితే జనానికి హాని కలుగుతుందో అదంతా ఇహ్తికారే అన్నారు. ఆయన బగ్దాదులో ఖాజీగా పనిచేసినవారు, బజారు ఎలా నడుస్తుందో తెలిసినవారు. మన కాలానికి ఆయన మాటే దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

ఇక ఇచ్చేవాడి సంగతి. తన హక్కు తనకు దక్కించుకోవడానికి వేరే దారి లేక ఇస్తే పాపం తీసుకున్నవాడి మీదే ఉంటుందని మన పెద్దలు రాశారు. మా వాడికి ఈ మినహాయింపు వర్తిస్తుందా అని ఆ పగలంతా తర్కించుకున్నాను. వర్తించదనే తేలింది. ఎవరో వదులుకున్న బండి వరుసలో తర్వాతివాడికి చెందాలి. ఆ తర్వాతివాడు మా వాడు కాదు. ఆ మనిషి ఎవరో మాకు తెలియదు. అతనికీ ఒక తల్లి ఉండవచ్చు. రాత్రి ఈ మాట చెబితే మేనల్లుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా అక్కే లోపలి గది నుంచి ‘ఇవ్వొద్దులే బేటా, అద్దె బండిలో వెళ్దాం’ అంది.

ఇవ్వకూడదని చెప్పి వదిలేస్తే పెద్దరికం కాదు. బండి ఎలా కొనాలో కూడా చెప్పాలి. అందుకు చట్టం తెలిసినవారిని అడిగాను, కాగితాలు చదివాను.

ఊరికి వచ్చే బిడారుకు దారిలోనే ఎదురువెళ్ళి, బజారు ధర తెలియని ఆసామి దగ్గర తక్కువకు కొనడాన్ని ఇస్లాం నిషేధించింది. మోసపోయానని తెలిశాక రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చింది. ఎందుకు? ధర తెలియనివాడు సగం ఓడిపోయినట్టే కనుక. ముక్తేశ్వరం నుంచి పట్నం షోరూముకు వెళ్ళేవాడిది అదే పరిస్థితి. కాబట్టి వెళ్ళేముందే కంపెనీ ప్రకటించిన ఎక్స్-షోరూమ్ ధర రాసుకుని వెళ్ళాలి. తర్వాత ‘మొత్తం ఇంత’ అని చెబితే ఒప్పుకోకుండా విడివిడిగా కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇమ్మనాలి. బండి ధర, జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు, బీమా ఇవి న్యాయమైనవి. ధర 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు, ఇదీ న్యాయమే. ఇది మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే లెక్కకు వస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చినవారిలో చాలామంది ఈ డబ్బు పోయిందనుకుని వదిలేస్తున్నారు. ఒక లక్షన్నర బండి కాదు, పన్నెండు లక్షల బండి మీద అది 12 వేలు.

ఆ కాగితంలో ‘హ్యాండ్లింగ్’ అనో ‘లాజిస్టిక్స్’ అనో ఒక వరుస కనిపిస్తే అక్కడ వేలు పెట్టి ఆగాలి. అది ప్రభుత్వం వేసిన పన్నూ కాదు, ఫీజూ కాదు. బండిని షోరూము దాకా తెచ్చే ఖర్చు, డీలరు కమీషను ఎక్స్-షోరూమ్ ధరలోనే ఉంటాయి. సీటు కవర్లు, మడ్‌ఫ్లాపులు, పరిమళం సీసా కలిపి ‘కిట్’ కొంటేనే బండి అంటే అది మరీ అన్యాయం. ఒక వస్తువు కొనాలంటే మరొకటి కొని తీరాలనడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా పేర్కొంటోంది. ఈ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అంతదాకా వెళ్ళకముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది. చాలాసార్లు కంపెనీకి ఆ ఫిర్యాదు చేరడమే చాలు.

బీమాలో పోయే డబ్బు కంటికి కనబడదు. 2018 సెప్టెంబర్ నుంచి సొంత కొత్త కారుకు మూడేళ్ళు, మోటారు సైకిలుకు ఐదేళ్ళు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టానికి చేసే బీమా మాత్రం ఒక్క ఏడాదికి తీసుకుంటే సరిపోతుంది. ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో నిర్ణయించే హక్కు కొనేవాడిదే. షోరూము వాళ్ళు బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. తకాఫుల్ పద్ధతి మన దేశంలో లేదు కనుక చట్టం విధించినంత మేరకు తీసుకోక తప్పదు. అంతకుమించి వాళ్ళు అంటగట్టే అదనపు హంగుల గురించి మాత్రం జాగ్రత్తగా అడగాలి.

రొక్కం విషయం మనకు ప్రత్యేకమైనది. ‘నౌ నఖద్, న తేరహ్ ఉధార్’ అని మన పెద్దల సామెత. అప్పు మీద పదమూడు కన్నా చేతిలో తొమ్మిది మేలని అర్థం. షోరూముల్లో ఈ సామెత తలకిందులైంది. అప్పు ఇప్పిస్తే ఫైనాన్సు కంపెనీ నుంచి కమీషను వస్తుంది, రొక్కం ఇచ్చేవాడి దగ్గర అది రాదు. అందుకే వడ్డీకి దూరంగా ఉండాలని ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టినవాడిని వరుసలో వెనక్కి నెడుతున్నారు. దీనికి మందు ఒకటే. బుకింగు ఫారంలో తేదీ, నంబరు, రంగు, రకం రాయించుకోవడం, చెల్లింపు విధానం దగ్గర ‘సొంత డబ్బు’ అని రాయించడం. రొక్కమంటే నోట్ల కట్టలు కాదు సుమా. 2017 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. బ్యాంకు ద్వారానే కట్టాలి. అలా కడితే రశీదు లేని సొమ్ముకు చోటే ఉండదు.

ఇంకొక్క మాట. బుకింగు రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో ముందే అడగండి. బయానా సొమ్ము అమ్మేవాడు మింగేయడాన్ని హనఫీ, మాలికీ, షాఫయీ మజ్‌హబ్‌లు ఒప్పుకోలేదు, హంబలీలు ఒప్పుకున్నారు. షోరూము వాళ్ళు ఏ మజ్‌హబో మనకు తెలియదు కనుక కాగితం మీద రాయించుకోవడమే క్షేమం.

యానాం సంగతి చెప్పకుండా ఈ ప్రాంతంలో బండ్ల గురించి రాయడం కుదరదు. పుదుచ్చేరిలో పన్ను తక్కువని, అక్కడ లేని చిరునామా ఉన్నట్టు చూపించి పీవై 04 నంబరు తగిలించుకుని అమలాపురంలో తిరిగేవారున్నారు. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ తిరిగి నమోదు చేయించాలి. డీలరు అబద్ధానికి డబ్బు ఇవ్వనన్నవాడు తానే ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం ఏం న్యాయం? మా మేనల్లుడికి కూడా ఈ సలహా ఒకరు ఇచ్చారు. అతను నవ్వి ఊరుకున్నాడు.

చివరికి ఏం జరిగిందో చెప్పాలి. ఆ షోరూములో బుకింగు రద్దు చేసుకున్నాం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం మూడు చోట్లా కాగితం మీద ధర అడిగాం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నంబరు వరుస వచ్చింది కనుక ఏ జిల్లాలో కొన్నా తేడా లేదు. మనసుపడిన తెలుపు రంగు వదులుకుని ఏ రంగయినా సరే అన్నాం. అందరూ ఎగబడే పై రకం కాకుండా మధ్య రకం ఎంచుకున్నాం. వరుస సగానికి తగ్గింది. బండి తీసుకునే రోజు అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21లో తయారైన నెల, చాసిస్ నంబరు సరిచూసుకున్నాం. నిలవ ఉన్న పాత బండిని కొత్తదిగా అంటగట్టే అవకాశం ఉంటుంది కనుక ఇది మానకూడదు. తొమ్మిది వారాలు పట్టింది. ఈలోగా పద్దెనిమిది సార్లు అద్దె బండిలో మా అక్కను కాకినాడ తీసుకువెళ్ళాం. ఒక్కో ప్రయాణానికి 1,800 చొప్పున 32,400 అయింది. అడిగిన 45 వేలతో పోలిస్తే మిగిలింది 12,600. రెండుసార్లు అద్దె బండి సమయానికి రాక ఆమె ఎండలో కూర్చోవలసి వచ్చింది. ఆ రోజుల్లో నేను చెప్పినది సరైనదేనా అని నాకూ అనిపించింది. దాచడం ఎందుకు?

నిన్న మగ్రిబ్ తర్వాత మరో కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. ఆ మొదటి షోరూములో మా మేనల్లుడితో బేరం మాట్లాడినవాడు. ఒకప్పుడు నా దగ్గర అలిఫ్ బే నేర్చుకున్నవాడే. తల వంచుకుని, ‘సార్, ఆ 45 వేలలో నాకు వచ్చేది రెండు వేలు. కిట్ అమ్మితే కొంత, లోను చేయిస్తే కొంత. అవి లేకపోతే నెలకు చేతికి 11 వేలు. ఇంట్లో ఐదుగురం. ఈ ఉద్యోగం నాకు జాయిజేనా?’ అని అడిగాడు.

బండి అమ్మే కూలి వేరు, వడ్డీ కాగితం రాసే కూలి వేరు, బల్ల కింద తీసుకునేది పూర్తిగా వేరు అని మాత్రం చెప్పగలిగాను. మిగతాది మా ఉస్తాద్ గారిని అడగాలి. వచ్చే శుక్రవారం జుమాకు తొందరగా రమ్మన్నాను.